నిమ్మగింజలు తొక్కిన బండి

నా చిన్నప్పుడు బంగారుపాళ్యంలో మా ఇంట్లో ఆయుధపూజకు ఒక కట్టుబాటు ఉండేది. పనిచేసే వస్తువులకే గంధం, కుంకుమ. ట్రాక్టరు, నాయన స్కూటరు, అమ్మ కుట్టుమిషను, కొడవళ్ళు, చివరికి కత్తిపీట కూడా వరసలో నిలిచేవి. ఒక ఏడాది నేను నా బొమ్మకారు తెచ్చి పెడితే నాయన తీసేశాడు. “ఆడుకునేటివి ఈడ పెట్టకూడదు పాపా” అన్నాడు. మరుసటి ఏడు ఎలాగైనా నా బండి ఒకటి ఆ వరసలో ఉండాలని పట్టుబట్టాను.

ఆ దసరా సెలవులకు మద్రాసు నుంచి మా మేనమామ వచ్చాడు. అట్టపెట్టెల్లో ముక్కలుగా దొరికే యుద్ధ ట్యాంకులు, విమానాలు కొని జిగురుతో అతికించడం ఆయన సరదా. ప్రతిసారీ కొన్ని ముక్కలు మిగిలిపోయేవి. వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచి నాకోసం తెచ్చాడు. డబ్బాను వసారాలో బోర్లించగానే నా చేతులు ఆగలేదు. ట్యాంకు చక్రాలు, విమానం రెక్క, ఓడ నిచ్చెన, ఫిరంగి గొట్టాలు! ఏ దేశపు సైన్యంలోనూ లేని బండి చేయాలనుకున్నాం.

నేను ముందు ఫిరంగులన్నీ ఏరుకున్నాను.

“దీంట్లో ఎవురెక్కుతారు కోడలా?” అన్నాడు మామయ్య.

“సిపాయిలు.”

“యాడ కూచుంటారు? ఫిరంగి మిందనా?”

ఒక్కటి ఉంచి మిగతావి డబ్బాలో పడేశాను. ఆ తర్వాత ప్రతి ముక్కకూ అదే ప్రశ్న. చివరికి అది యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్ళను తెచ్చే బండి అయింది. నిచ్చెన వాళ్ళను ఎక్కించడానికి. విమానం రెక్క వాళ్ళకు ఎండ తగలకుండా పైకప్పు. నేను అన్నానికి కూడా లేవకపోతే అమ్మే వచ్చి ముద్దలు నోట్లో పెట్టింది.

చక్రాల దగ్గర చిక్కు వచ్చింది. ఇరుసులకు సరిపోయేవి రెండు పెద్దవి, రెండు చిన్నవే దొరికాయి. పెద్దవి వెనక పెడితే బండి ముక్కు నేలకు వంగింది. నాకు ఏడుపొచ్చింది. మామయ్య కాసేపు చూశాడు. స్కూటరును గడప దాటించే వాలు చెక్క తెచ్చి వేసి, దానిమీద బండిని ఎగువకు తిప్పి వేలితో ఆపాడు. లోపల మనిషి పడుకునే అడుగుభాగం సమంగా నిలిచింది.

“సూడు! కొండెక్కే బండి ఇది. పండుకున్నోడు జారడు.”

“దిగేటప్పుడో?”

“రివర్సులో రావాల!”

ఇద్దరం పగలబడి నవ్వాం. పూజ ఎప్పుడొస్తుందా అని కాలు నిలవలేదు నాకు.

పూజనాడు వరస చివర ఆ చెక్క వేసి, బండిని పట్టుకుని కూర్చున్నాను. నాయన గంధం గిన్నెతో వచ్చి నా ముందు ఆగాడు. మామయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఇది ఏం పని చేస్తాది?”

“కొండమింద దెబ్బలు తగిలినోళ్ళను కిందికి తెస్తాది నాయనా.”

నాయన గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూశాడు. “యుద్ధం బండి అంటివి. ఫిరంగి ఒగటేనా?”

“రెండోది పెడితే మనిషికి చోటుండదు.”

ఆయన గిన్నెలో వేలు ముంచాడు. రెక్కమీద గంధం బొట్టు పెట్టాడు. ట్రాక్టరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఒక కాయను కోసి గింజలు తీసి, నా బండి చక్రాల కింద ఒక్కొక్కటి పెట్టాడు. “ఊ, తొక్కించు” అన్నాడు. తొక్కించాను. ట్రాక్టరు చప్పుడులో నా కేక ఎవరికీ వినబడలేదు.

ఇప్పుడు మామయ్య చనిపోయి నెల దాటింది. ఆ సెలవులయ్యాక ఆయన తిరిగి తన వెంట తీసుకుపోయిన బిస్కెట్ల డబ్బాను, కర్మలు అయ్యాక అత్త నా చేతికిచ్చింది. ఇల్లు కట్టుకున్నా, పిల్లలకు పెళ్ళిళ్ళు చేసినా, ఒకరిని గట్టిగా మందలించబోయినా, దీంట్లో ఎవరెక్కుతారు, వాళ్ళకు చోటుందా అని ముందు చూసుకోవడం నాకు ఆ వసారాలోనే అలవాటైంది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. డబ్బా తెరిచాను. పైన కొత్త ముక్కలు చాలా చేరాయి. అడుగున, ఆ రోజు నేను పడేసిన ఫిరంగులు అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో వాటిని ఆయన ఏ బండికీ అతికించలేదు.