అక్క చెవిన వేసిన మాట

‘చెవిన వేయు: సొంతవాక్యంలో రాయండి’ అన్న తెలుగు హోంవర్కు పట్టుకుని మొన్న మా మనవరాలు వంటింట్లోకి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, చిటికెలో చెప్పాలి. ఒక సంగతిని పనిగట్టుకుని చెప్పినట్టు కాకుండా, మాటల మధ్యలో మెల్లిగా ఎదుటివాళ్ళకి తెలియజేయడం అని అర్థం చెప్పేశాను. వాక్యానికి మాత్రం తట్టింది ఒక్కటే, అది చెప్పబుద్ధి కాలేదు. ఈలోగా పోపు మాడింది.

మాది విజయనగరం వైపు. మా ఇళ్ళలో కావలసినదాన్ని నోరు తెరిచి అడగడం నామోషీ. మా నాన్నకి ఇంకాస్త పులుసు కావాలంటే ‘ఇవాళ పులుసు బాగా కుదిరిందే’ అనేవారు తప్ప వెయ్యమనేవారు కాదు. అమ్మ గరిటె అందుకునేది. ఆ మర్యాదంతా మూటగట్టుకుని పెళ్ళయ్యాక సికింద్రాబాదు వచ్చి, సీతాఫల్‌మండిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరాను. అక్కడ సోషల్ చెప్పే ఆవిడని అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. పదకొండేళ్ళు ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకున్నాం. నా చింతకాయ పచ్చడి ఆవిడకి, ఆవిడ సర్వపిండి నాకు. మా ఆయనకి జబ్బు ముదిరిందని డాక్టర్లు చెప్పిన రోజు, మా అత్తగారికంటే ముందు నేను ఏడ్చింది ఆవిడ దగ్గరే.

ఆ ఏడే హెడ్మిస్ట్రెస్ రిటైరయ్యారు. వరసలో నేనే ముందు. మా ఆయన ఉద్యోగం మానేశాక ఆ పదవి దక్కితేగాని ఇల్లు గడిచేలా లేదు. వెళ్ళి అడగొచ్చు కదా? అడగలేదు, నా ఖర్మ. బడి నడిపే సారుతో అక్కకి చనువెక్కువ కనక, నా సంగతి కాస్త ఆయన చెవిన వేయమన్నాను.

“సీదా పోయి అడగొచ్చు గద. మీ దిక్కు పులుసు సుత అడగరేందే,” అని నవ్వి, సరేనంది. సాయంత్రం గేటు దగ్గర నా భుజం తట్టి, ‘వేసిన, పరేషాన్ గాకు’ అని కూడా చెప్పింది.

వారం తిరక్కుండా హెడ్మిస్ట్రెస్ అయింది, అక్కే. ఉండబట్టలేక సారు దగ్గరికి వెళ్తే ఆయన ఎంతో దయగా మాట్లాడారు. “‘ఆమె పాఠాలు మంచిగ చెప్తది సార్, గని ఇంట్ల జెర తక్లీఫ్ ఉన్నది, పాపం. ఆమె మీద బరువు పెట్టకుండ్రి’ అన్నదమ్మా మీ అక్క. నీ గురించి అంత ఫికర్ చేసేటోళ్ళు దొరకరు,” అన్నారు.

ఒక్క చాడీ లేదు, ఎంత పకడ్బందీ పనో చూడండి! కొత్త కుర్చీలో ఉన్న ఆవిడని నిలదీశాను. ఆవిడ రిజిస్టరులోంచి తలెత్తలేదు.

“నేనేం అబద్ధం చెప్పిన? నువ్వు నాకు చెప్పిందే గద చెప్పిన.”

నిజమే. నేను నమ్మి ఏడ్చిన ఏడుపునే పట్టుకెళ్ళి నా నోటి కాడి కూడు తీసింది. మర్నాటి నుంచి నా డబ్బా క్లాసురూములోనే తిన్నాను, ఒక్కదాన్నే.

మనవరాలు పెన్ను పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. రాసుకోమన్నాను: ‘అక్క నా కష్టాన్ని సారు చెవిన వేసింది.’ అది రాసుకుని, “అయితే సార్ హెల్ప్ చేశారా అమ్మమ్మా?” అంది. మాడిన పోపు పారబోసి మళ్ళీ మూకుడు పెట్టాను. కాలం మా ఆయన్ని తీసుకుపోయింది, ఆ బడిని మూయించింది, నా జుట్టు తెల్లబరిచింది. అక్క అన్న ఆ ఒక్క ‘పాపం’ జోలికి మాత్రం ఇంతవరకూ పోలేదు.