వీధిపోటు కావలెను

మొన్న బందరు నుంచి వస్తుంటే కండక్టరు నన్ను గుడివాడ సెంటర్‌లో దింపలేదు. "బస్సు ఊళ్ళోకి వెళ్ళదండీ, ఇక్కడ బైపాస్‌లో దిగి ఆటో ఎక్కండి" అంటూ నాకంటే ముందు నా సంచిని దింపేశాడు. ఈ ఊరు వచ్చి చాలా ఏళ్ళయింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఒక టీ కొట్టు, దాని గోడలో బొద్దుగా ఒక వినాయకుడు. ఆ వినాయకుణ్ణి నేనెరుగుదును. పూర్వం ఊరి నడిబొడ్డున కాపురముండేవాడు.

ఆ కొట్టు మావయ్యది. మావయ్యంటే మా అమ్మ తమ్ముడేమీ కాదు. ఆయన చేతి టీ ఒక్కసారి తాగినవాడికల్లా ఆయన మావయ్యే; ఆ లెక్కన సగం జిల్లాకు మేనమామ. ఆ టీ ఎంత చిక్కనంటే, గ్లాసు బోర్లించినా కాసేపు ఆలోచించుకుని గానీ కిందికి దిగేది కాదు. సెంటర్‌లో బందరు రోడ్డు తిన్నగా వచ్చి గుమ్మాన్ని పొడిచేచోట ఉండేది కొట్టు. దాన్నే వీధిపోటంటారు. అలాంటిచోట కొంప నిలవదని నమ్మకం. విరుగుడుగా గోడలో వినాయకుణ్ణి పెట్టుకుంటారు. పాలు విరిగినా, అల్లుడు అలిగినా మావయ్య ఆ రోడ్డువంక చూసి "అంతా ఈ పోటువల్లేరా" అనేవాడు. గిలకలదిండి రేవు నుంచి వచ్చే చేపల లారీలు ఐసునీళ్ళు కార్చుకుంటూ సరిగ్గా ఆయన పొయ్యి ముందే ఆగేవి. ఆ కంపు పోటు మహిమ. డ్రైవర్లు తాగే టీలు మాత్రం తన చేతిచలవ!

ఇలా ఉండగా ఊరి బయట బైపాస్ వేస్తారనీ, దాంతోపాటు టౌన్ ప్లాను కూడా మారుస్తారనీ మున్సిపల్ ఆఫీసులో ఒక పటం తగిలించి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. ఆ పటాన్ని పరిస్తే దానిమీద పెళ్ళిభోజనాలు పెట్టొచ్చు. మావయ్య నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఊరవతల పచ్చటి వరిచేలన్నీ పటంలో నీలంగా ఉన్నాయి, నీలమంటే వ్యాపారమట. గడ్డిపోచైనా లేని మా సెంటర్ ఆకుపచ్చగా ఉంది; అక్కడ పార్కూ బెంచీలూ వస్తాయట, బస్సులూ లారీలూ రావట.

"ఓరి నాయనో, నా గుమ్మంలో గడ్డి మొలిపించారే!" అన్నాడు మావయ్య.

ఆఫీసరమ్మ ఓపిగ్గా చెప్పింది: "మీ కొట్టు కదపంలెండి. జనం హాయిగా నడుస్తారు, ఊరికి కాస్త గాలాడుతుంది."

ఆవిడ మాటా అబద్ధం కాదు. ఆ రోజుల్లో సెంటర్‌లో రోడ్డు దాటాలంటే వీలునామా రాసి బయల్దేరేవాళ్ళం.

"నడిచేవాళ్ళు ఇంటికెళ్ళి తాగుతారమ్మా. నాకు ఆగేవాళ్ళు కావాలి. నా పోటు నాకుంచండి తల్లీ!"

హాల్లో జనం నవ్విన నవ్వుకు పటం గోడమీద ఊగింది. మావయ్య నవ్వలేదు. జన్మంతా తిట్టిన పోటే తనకు అన్నం పెట్టిందని ఆయనకూ ఆ క్షణంలోనే తెలిసినట్టుంది. "వీధిపోటు మా రూల్సులో లేదండీ" అంది ఆవిడ, నిజంగానే నొచ్చుకుంటూ.

మర్నాడే బైపాస్ పక్క స్థలాలమ్మే బ్రోకరు దగ్గరికి వెళ్ళాం. బందరు రోడ్డు వచ్చి బైపాస్‌కు తగిలేచోట, సరిగ్గా దానికెదురుగా, ఎవరూ ముట్టుకోని ముక్క ఒకటుంది. "పోటనుకుంటారేమో బాబాయ్‌గారూ, అబ్బే! రోడ్డు అక్కడిదాకా వచ్చి సిగ్గుపడి పక్కకి తిరుగుతుందండీ" అన్నాడతను.

మావయ్య లేచి కండువా దులిపాడు. "పోటు లేకపోతే నాకెందుకయ్యా? పదరా!"

అమ్మకాల్లో ఎన్నో అబద్ధాలాడినవాడు, నిజం చెప్పడానికి అంత కంగారుపడటం నేను చూడలేదు. "లేకేం బాబాయ్‌గారూ! ఒట్టు! గుండెల్లో గునపం దింపినట్టు దిగుతుందండీ!"

అదే ఈ కొట్టు. నేను కూర్చున్నంతసేపూ బందరు బస్సులు ఒకటొకటే వచ్చి గుమ్మం ముందే ఆగుతున్నాయి. మావయ్య గ్లాసు చేతికిస్తూ, "ఆదివారాలు మీ అత్తయ్యని సెంటర్ పార్కుకి తీసుకెళ్తున్నాన్రా. ఆ ఆఫీసరమ్మ చెప్పినట్టే గాలి బ్రహ్మాండంగా ఆడుతోంది" అన్నాడు. గొంతు తగ్గించి, "టీయే దొరకదు" అన్నాడు.

కాలం కూడా వీధిపోటే కాబోలు. తిన్నగా మన గుమ్మం మీదికే వస్తుంది; వచ్చినన్నాళ్ళూ తిట్టుకుంటాం, పక్కదారి పట్టాక గానీ అది మనకోసం ఆగేదని తెలియదు.