పడేవాడికి మెత్తటి మట్టి

ఈ సోమవారం మధ్యాహ్నం శృంగవరపుకోటలో, మా పక్కింట్లో, కుస్తీ నేర్పే వస్తాదు చనిపోయాడు. వేసవిలో అరకు సంతలో కుస్తీ పడుతుండగా ఆయన వెన్ను దెబ్బతింది. అప్పటినుంచి వానాకాలమంతా నులకమంచం మీదే ఉన్నాడు. ఆయన్ని ఆడించిన కుస్తీ కంపెనీ షావుకారు ఈ మధ్యలో ఒక్కసారీ గుమ్మం తొక్కలేదు. బుధవారం మాత్రం మా వీధిలో కంపెనీ డప్పు వినబడింది. వస్తాదు జ్ఞాపకార్థం అరకు సంతలో గొప్ప కుస్తీ జరుగుతుందట. టిక్కెట్టు మామూలుకు రెట్టింపట.

డప్పు మా ముందుకొచ్చేసరికి వస్తాదు భార్య బయటికొచ్చింది. నేనామెను వదినా అంటాను.

"ఏటి, మళ్లీ సెప్పు," అంది.

దండోరావాడు గొంతు తగ్గించి మళ్లీ చెప్పాడు.

"బతికుండగా గంజినీళ్లు తేనోడు, సచ్చినాక పేరు అమ్ముకుంతాడా? ఎల్లు. ఈ ఈదిలో ఆ డప్పు కొట్టకు."

వాడు డప్పు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

వస్తాదుది సేద్యం చేసుకునే కుటుంబం. పెరట్లో గోదా ఉండేది. గోదా అంటే కుస్తీ పట్టే గొయ్యి. మట్టిని తవ్వి, జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు, వేపాకు కలిపి మెత్తన చేస్తారు. జల్లెడ పట్టిన మట్టిని ఆయన మళ్లీ వేళ్లతో వెతికేవాడు. పొద్దున్నే గొంతుక్కూర్చుని, గోడ ఇవతల ఉన్న నాతో ఊసులాడుతూ, దొరికిన ప్రతి రాయినీ గోడ మీద పెట్టేవాడు.

"బియ్యంలో రాళ్లేరమంతే కళ్లు కానరావు గానీ, మట్టిలోవయితే సీకట్లో కూడా కానొత్తాయి," అని వదిన సాధించేది.

"బియ్యంలో రాయి పంటికింద పడతాది. ఇది నడుం కింద పడతాదే ఓలె," అనేవాడాయన.

శిష్యులకు పట్టుల కంటే ముందు మట్టి పని నేర్పాడు. "పడేసినోడు ఎలాగూ లెగుత్తాడు. పడినోడి కోసం తవ్వండర్రా గోదా," అనేవాడు.

కంపెనీ పద్ధతి ఇది. షావుకారు బండ్ల మీద కనాతులు వేసుకుని మన్యంలో సంత సంతకీ తిరుగుతాడు. చుట్టూ కనాతు గుడ్డ తెరగా కట్టి టిక్కెట్టు పెడతాడు. పల్లం నుంచి వెళ్లిన మల్లులకు కుస్తీ పట్టిన రోజునే కూలి. వానల్లో సంతలు పలచబడితే కూలి లేదు. కొండ పల్లెల మల్లులకు ఆ మాత్రం కూలీ లేదు, ఒక పూట చోడి అంబలి, అంటే రాగి జావ, ఏడాదికో పంచె. బయానా పుచ్చుకున్నవాడు మరో కంపెనీ గోదాలో దిగకూడదు. బయానా తీరిందో లేదో చెప్పేది షావుకారే. దెబ్బ తగిలినవాడు ఇంటికి పోవాలి.

దీని గురించి నేను పత్రికకు రాసినప్పుడల్లా చదువుకున్నవాళ్లే నన్నడిగారు: ఆటకి కూలేమిటండీ, పొలం దున్నాడా, రాయి కొట్టాడా అని. మరి ఉత్త ఆటే అయితే టిక్కెట్టెందుకు? చూసేవాడికది సరదా, ఆడించేవాడికి వ్యాపారం. ఆడేవాడి వంతు వచ్చేసరికి బలం, కీర్తి, వినోదం అనే మాటలు బయటికొస్తాయి. ఆ మాటలతో అంబలి కాగదు.

రెండేళ్ల కిందట అరకు సంతలో ఒక కొండ మల్లుడికి చెయ్యి విరిగింది. షావుకారు అతన్ని ఆ రోజే పంపేశాడు. వస్తాదు వెళ్లి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"పాలు పోసి, బాదంపప్పులు పెట్టి మేపేను మిమ్మల్ని. ఆ ఒళ్లు నాది," అన్నాడు షావుకారు.

"ఒళ్లు నీదయితే ఇరిగిన సెయ్యీ నీదే కదా షావుకారూ. అట్టుకెల్లి బాగు సేయించు."

షావుకారు మాట మార్చాడు. పల్లపు మల్లులకు కూలి పెంచుతానన్నాడు, కొండవాళ్ల సంగతి ఎత్తవద్దన్నాడు. వస్తాదు ఒప్పుకోలేదు. "గోదాలో ఆడు నా మెడ అట్టుకుంతాడు, నాను ఆడి మెడ అట్టుకుంతాను. కూలి కాడ ఏరెలాగవుతాం?" అన్నాడు.

కుస్తీలో ఒకరి వీపు మట్టికి తగిలేదాకా ఆట ముగియదు. ఆ పై వారం సంతలో ఆ నియమాన్నే ఆయన వాడుకున్నాడు. మరో కొండ మల్లుడితో గోదాలో దిగి, మెడలు పట్టి, నుదుళ్లు ఆనించి నిలబడ్డాడు. ఇద్దరూ పట్టు వదల్లేదు, ఇద్దరూ పడలేదు. మధ్యాహ్నం మొదలైన కుస్తీ పొద్దు వాలినా అలాగే ఉంది.

"ఏట్రా, కుస్తీయా, కౌగిలింతా? బేగి పడండర్రా, బండి కట్టుకోవాల!" అని ఒక వర్తకుడు అరిచాడు.

పిప్పళ్ల బుట్టతో నిలబడ్డ కొండ ముసలమ్మ అతనివైపు తిరిగింది. "పడినోడికి కూడు లేదంట. నువ్వయితే పడతవా?"

జనం నవ్వారు. నవ్వు తగ్గాక టిక్కెట్టు డబ్బు తిరిగిమ్మని షావుకారు మీదికి వెళ్లారు. అప్పుడతను గోదా గట్టుకొచ్చి అందరూ వినేలా ఒప్పుకున్నాడు. గోదా మోకాలి లోతు తవ్వించి మట్టి జల్లిస్తాను, దెబ్బ తగిలిన మనిషికి, కొండవాడైనా పల్లపువాడైనా, నయమయ్యేదాకా తిండి పెడతాను అన్నాడు. వెంటనే వస్తాదు తనే వెల్లకిలా పడ్డాడు. "ఎవుడో ఒకడు పడాల గదేటి!" అంటూ లేచి, వీపు దులుపుకున్నాడు.

చెయ్యి విరిగినవాడు కంపెనీ తిండి తిని కోలుకున్నాడు. ఆ మాట అంతవరకే నిలిచింది. ఈ వేసవిలో అరకులో తవ్వకం లేదు. గట్టి నేల మీద బెత్తెడు మట్టి పోసి గోదా అన్నారు. వస్తాదు వేలు గుచ్చి చూసి షావుకారుకు చెప్పాడు. జనం వచ్చేశారు, తరవాత చూద్దామన్నాడతను. "నాను దిగకపోతే కుర్రోడినొకడిని దింపుతాడు," అని నాతో అని, వస్తాదు దిగాడు. ఎదుటివాడు చెయ్యి బాగుపడిన ఆ కొండ మల్లుడే. అతను వేసింది రోజూ వేసే పట్టే. వస్తాదు పడ్డ చోట మట్టి కింద రాయి ఉంది. మర్నాడు నేను వెళ్లి చూశాను. సగం నేలలో దిగిన గుండ్రాయి, ఇంకా అక్కడే ఉంది.

షావుకారును అడిగాను. "కుస్తీ అన్నాక దెబ్బలు తగలవా? ఆ ఒప్పుకోలు ఆ ఏటికే," అన్నాడు. ఇదీ అతని జవాబు, పూర్తిగా.

ఆ కొండ మల్లుడు వానల్లో కూడా ఘాట్ దిగి చోళ్లో, తేనో తెచ్చేవాడు. లోపలికి రాకుండా గోడవార కూర్చునేవాడు. వస్తాదు మంచం మీదనుంచే పిలిచేవాడు: "ఓరి, లోపలికి రా. నీ పట్టు మంచిదే. నేలే మంచిది కాదు." సోమవారం ఆయన పోయేటప్పుడు అతను కాళ్ల దగ్గరే ఉన్నాడు.

దండోరాలో ఆ జ్ఞాపకార్థపు కుస్తీకి చెప్పిన మొదటి పేరు అతనిదే. వదినను అడగడానికి వచ్చాడు.

"నాను దిగుతాను వొదినా. దిగి అట్టుకుంతాను. పడను, పడెయ్యను. అన్న పేరు మీద వచ్చిందంతా ఈ ఇంటికి పంపిత్తానని, అందరికీ ఇచ్చిన పాత మాట నిలబెడతానని, షావుకారు గోదా కాడ సెప్పాల. అందాకా పట్టు ఇడవను."

కంపెనీ మల్లులంతా దీనికి కట్టుబడ్డారని చెప్పాడు.

వదిన లోపలికి వెళ్లింది. గోనెసంచులు తెచ్చి అతని ముందు వేసింది. "ఉత్త సేతుల్తో ఎల్లకు. పెరట్లో మట్టి అట్టుకెల్లు."

ఈ పూట సంచులన్నీ నింపారు. పెరట్లో గొయ్యి ఖాళీ అయింది. ఆయన ఏరిన రాళ్లు గోడ మీద వరసగా అలాగే ఉన్నాయి. వచ్చే బుధవారం తెల్లవారుజామున బండి ఘాట్ ఎక్కుతుంది. గురువారం మల్లులే గోదా తవ్వుకుంటారు, మోకాలి లోతు. శుక్రవారం మధ్యాహ్నం అరకు సంతలో ఇద్దరు దిగి, ఒకరి మెడ ఒకరు పట్టుకుంటారు.