చివరి కుళాయి దగ్గర కొబ్బరికాయ

నా ఆఖరి పోస్టింగు నందిగామ. గ్రామీణ నీటి సరఫరాలో డిప్యూటీ ఇంజనీరుగా ఒక ఫిబ్రవరిలో చార్జి తీసుకున్నాను. మిరపకాయ కోతలు జోరుగా సాగుతున్న రోజులు. తాగునీరు ప్రతి పౌరుడి హక్కని, ఇంటింటికీ కుళాయి ఇస్తామని పైవాళ్ళు అప్పటికే చెప్పేశారు. చెప్పడం వాళ్ళ పని, గొట్టాలు వేయడం మా పని.

పని పూర్తయిందని తేల్చడానికి మాకో పద్ధతి ఉంది. అసిస్టెంటు ఇంజనీరు కొలతలు రాస్తాడు. డిప్యూటీ స్వయంగా చూసి సంతకం పెడితేనే కాంట్రాక్టరుకు బిల్లు. ఏ కుళాయి దగ్గర చూడాలో మాత్రం ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆనవాయితీగా ట్యాంకు పక్కనున్న మొదటి కుళాయి దగ్గర షామియానా వేసి, కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు జివ్వున చిమ్మగానే చప్పట్లు కొట్టేవారు. ట్యాంకు కిందే రాకపోతే ఇంకెక్కడొస్తాయి?

జగ్గయ్యపేట వైపు ఒక ఊళ్ళో కొత్త లైను వేశాం. ప్రారంభానికి ముందురోజు దాని వెంట చివరిదాకా నడిచాను. అది దళితులుండే పల్లెలో, చర్చి గోడ పక్కన మరియమ్మ ఇంటిముందు ముగుస్తుంది. ఆమె కోతలకు వెళ్ళే కూలి. కూలీల ఆటో తెల్లారగానే వస్తుంది, ఎవరికోసమూ ఆగదు. పాత లైనులో నీళ్ళు వచ్చేదీ ఆ వేళకే, అదీ సన్నగా.

“నీళ్ళకాడ నిలబడితే ఆటో పోద్ది, ఆటో ఎక్కితే నీళ్ళు పోతయ్యి. రెండిట్లో ఏదో ఒకటేనండి మాకు. ఈ కొత్త పైపుకైనా వస్తయ్యా మేడంగారూ?” అని అడిగింది.

వస్తాయన్నాను. మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున్నే సర్పంచ్ గారు ట్యాంకు దగ్గర కాయ చేతపట్టారు. పెద్ద రైతు, మర్యాదస్తుడు. కాయ నేను తీసుకుని, చివరి కుళాయి దగ్గర కొడదాం రమ్మన్నాను. కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది. అందరూ నా వెనకే నడిచారు. వైరు చాలక మైకు మాత్రం ట్యాంకు దగ్గరే ఉండిపోయింది.

కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది, అంతే. ఆ రోజు ఆటో వదులుకున్న మరియమ్మ చంకన బిందెతో నిలబడి ఉంది. కొత్త లైను కదా, రెండ్రోజుల్లో సర్దుకుంటుందన్నాడు కాంట్రాక్టరు. నాకు ఒళ్ళు మండింది. సంతకం పెట్టనన్నాను. నా లెక్క ప్రకారం నీళ్ళు రావాలి. రాలేదంటే దారిలో ఎవరో మోటార్లతో లాగుతున్నారు. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే వెనక ఇళ్ళకు వెళ్ళాల్సిన నీళ్ళు కూడా ఆ ఇంటికే చేరతాయి. ఊళ్ళలో అదొక తప్పని ఎవరూ అనుకోరు, ఫ్యాను వేసుకున్నట్టే వేసుకుంటారు.

తమ ఊళ్ళో అలాంటివాళ్ళు లేరని సర్పంచ్ గారు గట్టిగా అన్నారు. అయితే కూర్చుందామన్నాను. కాయ ఒళ్ళో పెట్టుకుని మరియమ్మ అరుగు మీద కూర్చున్నాను. ఎండ ఎక్కింది. పల్లె అంతా ఆయనవైపే చూస్తోంది. ఆయన అటూ ఇటూ తిరిగి, నుదురు తుడుచుకుని, ఫోను తీసుకుని పక్కకు వెళ్ళారు. వెళ్ళినా గొంతు వినబడింది.

“ఆ మోటారు కట్టెయ్యవే... ఆ, ఇప్పుడే. పక్కవాళ్ళకి కూడా చెప్పు.”

కాసేపటికి కుళాయి దగ్గింది, ఎర్రనీళ్ళు కక్కింది, తర్వాత ధార కట్టింది. మరియమ్మ బిందె నిండింది. సర్పంచ్ గారు కాయ కొట్టారు, నావైపు చూడలేదు.

నేను అప్పటికీ సంతకం పెట్టలేదు. ఆ ఫోను రోజూ ఎవరు చేస్తారు? పల్లెకు ట్యాంకు నుంచి విడిగా గొట్టం వేయించి, దానికి వేరే వాల్వు పెట్టించాను. రోజూ కూలీల ఆటో రాకముందే, అన్నిటికన్నా ముందు ఆ వాల్వే తిప్పాలని పంచాయతీ చేత తీర్మానం చేయించాను. ప్రతిపాదించింది సర్పంచ్ గారే. ఎస్టిమేటు సవరించినందుకు పై ఆఫీసులో మొట్టికాయలు పడ్డాయి. పడనీ అనుకున్నాను.

మరుసటి ఏడు కోతలప్పుడు ఆ దారిన వెళుతూ ఆగాను. మరియమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద బిందెలు నిండుగా, మూతలు పెట్టి ఉన్నాయి. నీళ్ళు పట్టుకుని ఆటో ఎక్కిందన్నమాట.

ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. హక్కు అందిందో లేదో వరసలో ఆఖరి ఇంటికి వెళ్ళి చూడాలి. ముందున్న ఇళ్ళకు ఎలాగూ మోటార్లున్నాయి.