మందులకు లొంగని మూర్ఛ, నాలుగేళ్ల అక్షర

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి. నేను పిల్లల న్యూరాలజీ వార్డులో నర్సును. నేనుండే యాకుత్‌పురాకు దగ్గరే ఉన్న మాదన్నపేట నుంచి నాలుగేళ్ల అక్షరను తీసుకొచ్చారు. తండ్రి పేరు నర్సింగ్, బస్ డిపోలో మెకానిక్. తల్లి సుజాత ఇంట్లో బట్టలు కుట్టేది. పాపకు ఫిట్స్ మొదలయ్యాక మానేసింది.

మూడు రకాల మందులు వాడినా కుడి చెయ్యీ కాలూ రోజూ కొట్టుకునేవి. మందుల మత్తులో పాప కూర్చోబెట్టిన చోటే కూర్చునేది, ఏది పెడితే అది తినేది.

ఫిట్ మెదడులో ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి వీడియో ఈఈజీ చేస్తాం. తలకు వైర్లు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, మందులు తగ్గించి, ఫిట్ వచ్చేదాకా కాచుకుని ఉంటాం. రాకూడదని మొక్కుకునే తల్లిని రావాలని ఎదురుచూడమనడం మా పనిలో కష్టమైన భాగం.

ఎంఆర్ఐ కూడా చూశాక డాక్టర్ గారు విషయం చెప్పారు. మెదడులో ఎడమ సగం పుట్టుకతోనే దెబ్బతింది. ఆపరేషన్ చేసి దానికి మిగతా మెదడుతో సంబంధం తెంపేయాలి. దీన్ని హెమిస్ఫెరాటమీ అంటారు. ఫిట్స్ ఆగే అవకాశం బాగా ఉంది. కానీ కుడిచేతి వేళ్లకు పట్టు రాదు, కుడివైపు చూపు కొంత పోతుంది. మాట కూడా ఆగిపోవచ్చు, అయితే ఈ వయసులో రెండో సగం మెల్లగా నేర్చుకుంటుంది.

నర్సింగ్ లేచి నిలబడ్డాడు. "చెయ్యి పోతదని మీరే అంటున్రు. తెలిసి తెలిసి బిడ్డను గట్ల ఎట్ల చేసుకుంట సార్? నాకొద్దు."

సుజాత బయటికొచ్చాక నన్ను అడిగింది. "సిస్టర్, ఆ వీడియో ఆయనకు చూపిస్తరా? పొద్దుగాల డ్యూటీకి పోతే పొద్దుగూకినంక వస్తడు. పిల్లకు వచ్చేది ఎన్నడూ పూరా చూడలే."

డాక్టర్ గారిని అడిగి చూపించాను. తెర మీద పాప ఒళ్లు బిగుసుకుపోతోంది. సుజాత పక్కకు తిప్పి పట్టుకుని చెవిలో ఏదో చెబుతోంది. ఆగిందనుకునేలోపే మళ్లీ మొదలైంది. కాసేపటికి నర్సింగ్ పాపను చూడడం మానేసి, తెర మీది భార్య ముఖాన్నే చూస్తుండిపోయాడు.

"గిట్ల రోజూనా?"

"రోజూ."

"నాకు చెప్పకపోతివి."

"చెప్పిన. చెప్తే సమజ్ కాదు."

మర్నాడు వచ్చి ఆపరేషన్‌కు సంతకం పెట్టాడు.

ఆపరేషన్ తర్వాత ఫిట్స్ రాలేదు. మాటా రాలేదు. సుజాత మంచం పక్కనే కూర్చుని పేరు పెట్టి పిలుస్తూ ఉండేది. పాప చూసేది, అంతే. వారం దాటాక ఒక పొద్దున నేను సిరప్ పట్టబోతే ఎడమచేత్తో తోసేసి, "వద్దు" అంది. సిరప్ అంతా నా యూనిఫాం మీద పడింది.

సుజాత ఏడుస్తూనే నవ్వింది. "ఇది వద్దనక రెండేండ్లాయె సిస్టర్."

ఇప్పుడు అక్షర కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. కుడి వేళ్లు తెరుచుకోవు, ఎడమచేత్తో రాస్తుంది. మాటలు దండిగా వచ్చాయి.

ఇలాంటి ఆపరేషన్ కోసం వచ్చే తల్లిదండ్రులతో నేను ముందు దానివల్ల పోయేవాటి గురించే మాట్లాడతాను, ఏదీ దాచను. ఆ తర్వాత, ఆపరేషన్ లేకుండానే ఇంట్లో రోజూ ఏం పోతోందో ఇద్దరినీ ఒకచోట కూర్చుని చెప్పుకోమంటాను.