పుట్టకొక్కులు రాని ఏడు

రాయమల్లుకు తిండి యావ లేదు. పచ్చిపులుసుంటే అదే, లేకపోతే కారం మెతుకులు. ఏడాదికి ఒక్క కూర దగ్గర మాత్రం ఆయన మనిషి మారిపోయేవాడు. ఆరుద్ర కార్తెలో ఉరిమి వాన పడిన మర్నాడు దొడ్లో చెదలపుట్ట చుట్టూ తెల్లగా, చిన్న గొడుగుల్లా పుట్టకొక్కులు లేచేవి. మొహం కడగకుండానే తువ్వాల పరుచుకుని వాటి ముందు కూర్చుని ఏరేవాడు. పెళ్లాం సమ్మమ్మ ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కారం వేసి వండేది. ఆ పూట చుట్టం గడప తొక్కితే ఆయన మొహం మాడిపోయేది. నెక్కొండ చుట్టుపక్కల అంత పిసినారి ఆ ఒక్క పూటకు ఇంకొకడు లేడని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

పంతొమ్మిది వందల ఎనభై రెండు ఎండాకాలంలో ఆయన కడుపులో గడ్డ లేచింది. వరంగల్ దవాఖానలో చేర్చారు. తన తమ్ముడు కొమురెల్లిని దగ్గరుంచి సమ్మమ్మ బర్రె కోసం ఇంటికొచ్చింది. చూస్తే, ఆయన ముచ్చటపడి చేయించిన కొత్త తలుపులకు చెదలు. మొగుడు తిరిగొచ్చేసరికి తలుపులు మంచిగుండాలనుకుంది, అంతే. నెక్కొండ పోయి, పుట్టలో పోయడానికి చెదల మందు పొడి తెచ్చింది.

అయితే పుట్టలో నాగన్న ఉంటాడు కదా. నాగులపంచమికి పాలు పోసిన చేత్తో మందెలా పోస్తుంది? పసుపు కుంకుమ పెట్టి, “తప్పు కాయి తండ్రీ, చెదల కోసమే, జర అవతలికి పో” అని మొక్కింది. పాము వెళ్లిపోవడానికని ఒక రోజంతా ఆగింది. ఆ తర్వాతే పొడిని నీళ్లలో కలిపి బొక్కబొక్కనా పోసింది. ఆ పుట్ట కట్టింది చెదలే. వాటికి మొక్కాలని మాత్రం ఎవరికి తోస్తుంది?

కొన్నాళ్లకు దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం సమ్మమ్మకు తెలుసు. ఆయనకు గంజి కూడా దిగడం లేదు. ఆరుద్రలో ఉరిమి వాన పడింది.

“సమ్మి, పుట్టకాడికి పోయి చూడు. ఒక్క ముద్ద తినబుద్ధి అయితాంది.”

ఉరికింది. మన్ను తడిసి ఉంది, ఒక్క కొక్కు లేదు.

“ఇంకో వాన పడాలెనేమో. రేపు వస్తయి.”

ఇంకో వాన పడింది. మళ్లీ అడిగాడు, మళ్లీ రేపన్నది. ఎవరింటికైనా పోయి అడుక్కొద్దామని తట్టలేదు. తన పుట్టకే వస్తాయని ఆమె నిజంగా నమ్మింది. వానలు ఆ ఏడు బాగానే పడ్డాయి. పోయే రోజు పొద్దున ఆయనకు మాట పడిపోయింది, అయినా దొడ్డివైపు చూసి కళ్లతో అడిగాడు.

సమ్మమ్మ ఏడవలేదు. శోకాలు పెట్టే ఆడవాళ్ల నడుమ మొద్దులా కూర్చుంది. తర్వాత కూడా అంతే. బర్రెకు కుడితి పెట్టేది, నాట్లకు పోయేది, పలకరిస్తే పలికేది. లోపల అంతా తిమ్మిరెక్కి ఉండేది.

మరుసటి ఎండాకాలం గోడకు పూయడానికి పుట్టమన్ను తవ్వుతుంటే, ఎండిన తేనెపట్టులాంటి ముద్ద ఒకటి నల్లబడి బయటికొచ్చింది. ఒంటిపూట బడికి పోతున్న నయీముద్దీన్ సారు సైకిలాపాడు.

“ఇదేంది సారూ?”

“చెదల తోట, సమ్మమ్మా. అవి పుల్లలు నమిలి తెచ్చి దీనిమీద బూజు పెంచుతయి. ఆ బూజు లేకుంటే వాటికి తిండి అరగదు. అవి లేకుంటే బూజు బతకదు. పుట్టకొక్కులు ఆ బూజుకు పూసినయే. చెదలు సచ్చినంక ఇంకేడికెల్లి వస్తయి?”

సారు ఏదో పాఠం చెప్పినట్టే చెప్పి వెళ్లిపోయాడు. ఆమెకు ఏం చెప్పాడో ఆయనకేం తెలుసు. ఆమె మన్ను గంపకెత్తుకొచ్చి గోడ పూసింది. అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

ఇంకొన్నేళ్లకు ఎక్కడినుంచో మళ్లీ చెదలొచ్చాయి. ఈసారి రాయమల్లు పడుకున్న మంచం కోడు మీద మట్టి చార లేచింది. పక్కింటి కట్టమ్మ మందు పొట్లం పట్టుకొచ్చింది.

“వదినె, మంచం మొత్తం తినిపోతయి. జర చల్లు.”

సమ్మమ్మ పొట్లాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

“తిననియ్యి కట్టమ్మా. ఆయన ఒక్క ముద్ద అడిగిండు. నేనే రాకుంట చేసిన.”

ఆ మాటతో ఏడ్చేసింది, అన్నేళ్లకు. కట్టమ్మ పోయాక మంచాన్ని ఒక్కతే ఈడ్చుకుంటూ దొడ్లోకి తీసుకుపోయి, పాత పుట్ట పక్కన చెదలకని బోర్లించి వచ్చింది.