చూపుడు వేలికి తగిలిన చలి

పీట ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. ఈ కథ చెవులతో వింటే చాలదు, నా కుడిచేతి చూపుడు వేలిని ఒకసారి పట్టి చూడాలి. నున్నగా ఉంది కదా? రెండేళ్ళ కిందట ఈ వేలి కొసన కందిగింజంత పులిపిరి ఉండేది.

మాది మంగళగిరిలో మగ్గం ఇల్లు. నేత మా ఆయనది, అచ్చు అతకడం నాది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చాక, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలపాలి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, రెండు పోగుల్నీ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి మెలేస్తే ముడి లేకుండా అతుక్కుంటాయి. అది కంటితో చేసే పని కాదు, వేలికే తెలియాలి. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. నాకొచ్చిన చదువంతా ఆ వేలి కొసలోనే ఉంది.

సరిగ్గా అక్కడే మొలిచింది. దాని గరుకుకు పోగు పట్టుకోవడం, పుటుక్కున తెగడం.

"నీ వేలికి పళ్ళొచ్చాయే, పడుగంతా నమిలేస్తోంది" అన్నారు మా ఆయన.

"ఇంట్లో ఒకరి నోరు చాలదనేమో" అన్నాను గానీ, లోపల గుబులే. సున్నం పెట్టాను. చుట్టూ చర్మం పొక్కింది, పులిపిరి మాత్రం ఇంకాస్త బలిసింది. చివరికి మా ఆయనే బెజవాడ బస్సెక్కించి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మది మా అమ్మాయి ఈడు. వేలు చూసి, దీన్ని గడ్డకట్టించి తీసేద్దాం అంది. నేను అడిగింది ఒకటే.

"వేలికి స్పర్శ పోదు కదమ్మా? పోగు తెలియకపోతే నేనింక ఎందుకూ పనికిరాను."

ఏం కాదులే అని కొట్టిపారెయ్యలేదు ఆ పిల్ల. "ఎక్కువసేపు పెడితే పోవచ్చమ్మా. అందుకే కొంచెం కొంచెంగా, మూడు వారాలకోసారి చేద్దాం. మీరు ఓపిక పట్టాలి" అంది. నిజం చెప్పింది చూడండి, అందుకే చెయ్యి చాపాను.

ఇంతలో నర్సు ఒక క్యాను తెచ్చి మూత తీసింది. గుప్పున తెల్లటి పొగ. కంకిపాడులో మా అక్కయ్య వాళ్ళ గేదె ఎదకొస్తే, సూది వేసే ఆయన బండి మీద తెచ్చేది అచ్చం ఇదే క్యాను, ఇదే పొగ!

"ఏవండీ, ఇది గేదెల క్యానండీ!" అంటూ లేచి నిలబడ్డాను.

"కూర్చోవే, వేలికే కదా వేసేది" అన్నారాయన, అదేదో ధైర్యం చెప్పినట్టు.

డాక్టరమ్మ నవ్వలేక చచ్చింది. "అందులో ఉండేదీ ఇదేనమ్మా, లిక్విడ్ నైట్రోజన్. అక్కడ పశువుల విత్తనం చెడకుండా కాస్తుంది. ల్యాబుల్లో కణాలను ఏళ్ళ తరబడి దాచిపెడుతుంది. ఇక్కడ మీ పులిపిరిని చంపుతుంది. సున్నాకి నూట తొంభై ఆరు డిగ్రీలు కింద ఉంటుంది దీని చలి" అంటూ కాస్త నేల మీద ఒలికించింది. కాలిన పెనం మీద నీటిబొట్లలా గిరగిరా పరుగెత్తి, తడి కూడా మిగలకుండా మాయమైపోయాయి ఆ చుక్కలు.

పుల్లకు చుట్టిన దూదిని అందులో ముంచి పులిపిరికి ఆనించింది. చుట్టూ తెల్లగా మంచు పట్టింది. సూదులు గుచ్చినట్టు ఒకటే మంట. నేను ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటున్నాను.

"చలికి ఊదుతారేంటమ్మా!"

"మరి కాలుతోంది కదమ్మా!"

మర్నాటికి నీటిపొక్కు లేచింది. చిదమొద్దంది కాబట్టి చిదమలేదు. వేలికి గుడ్డ కట్టుకుని నేను కూర్చుంటే, అచ్చు అతకడానికి మా ఆయన దిగారు. అతికినవి అతికినట్టే విడిపోయాయి. "ఇన్నాళ్ళూ ఇది ఊరికే కూర్చుని చేసే పనే అనుకున్నా" అన్నారు ఆ సాయంత్రం, నడుం పట్టుకుని. ఆ మాట వినడానికైనా పులిపిరి రావాలేమో!

మూడోసారి చేశాక పులిపిరి పెచ్చుకట్టి ఊడింది. కింద లేత చర్మం. ముట్టుకోవాలంటే భయం. రెండు రోజులు ఆగి, బూడిద అద్దుకుని, కళ్ళు మూసుకుని ఒక పోగు తీశాను. వేళ్ళ మధ్య వెంట్రుకంత సన్నగా, అది కదిలింది. తెలిసింది! మెలేశాను, వేలికి చిక్కుకోలేదు, తెగలేదు. ఏడ్చేశాను. మా ఆయన మగ్గం ఆపి, "నొప్పా?" అని అడిగారు. "కాదు, తెలుస్తోంది" అన్నాను.

ఆఖరుసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ తల మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉండు తల్లీ" అన్నాను.

"ఈ క్యాను పక్కన ఇంకెంత చల్లగా ఉండనమ్మా!" అంది.

నవ్వుకున్నాం గానీ, విత్తనాన్ని చెడకుండా కాసేదీ, నా వేలిని నాకు తిరిగిచ్చిందీ ఆ చలే కదా, చిన్నప్పటి నుంచీ వింటున్న ఆ దీవెన బరువు నాకు ఆ రోజే తెలిసింది. ఇంతసేపూ నా వేలు పట్టుకుని విన్నారు. మీ ఇంట్లో ఎవరి చేతి పని వారి చేతిలోనే నిలవాలి. మీరూ మీ పిల్లాపాపలూ చల్లగా ఉండాలి.